ఎనిమిది వారాల కషాయం

"మిమ్మల్ని తిట్టే గొంతు రోజుకి ఎన్నిసార్లు వినిపిస్తుంది?" ల్యాప్‌టాప్ తెరుస్తూ అడిగింది నీలిమ.

"మెలకువగా ఉన్నంతసేపూ," అన్నాడు జయంత్.

"ఏమంటుంది?"

"ఇంకా లేవలేదేంట్రా అంటుంది. ఆ గడ్డమేంట్రా అంటుంది. షవర్‌లో ఉన్నా వదలదు."

"ఏ భాషలో?"

"అచ్చ తెలుగులో. కాస్త గోదావరి యాస కూడానండీ."

నీలిమ గబగబా టైప్ చేసుకుంది. ఇంత వివరంగా చెప్పే పేషెంటు ఆమెకి ఇంతవరకూ దొరకలేదు.

జయంత్‌కి ముప్ఫై ఏళ్లు. నాలుగేళ్ల క్రితం మెల్‌బోర్న్ ఆఫీసులో ఏసీ తనని తిడుతోందని రాజీనామా ఇచ్చేశాడు. డాక్టర్లు స్కిజోఫ్రీనియా అన్నారు. మాత్రలు మొదలెట్టాక ఏసీ నోరు మూసుకుంది. ఉద్యోగం మాత్రం మళ్లీ దొరకలేదు. అప్పట్నుంచీ మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో అమ్మ శేషుకుమారితో ఉంటున్నాడు. ఫోన్ మోగినా ఉలిక్కిపడేవాడు.

నీలిమ యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మాత్రలకి తోడుగా ఒక చైనా కషాయం ఇచ్చి చూడటం ఆమె పని. ఆ సంగతి శేషుకుమారికి ఓపిగ్గా చెప్పింది.

"మెదడులో కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి ఆంటీ. ఆ కబురు కణం లోపల దారి తప్పితే లేనిపోనివి వినిపించొచ్చు. ఈ వేళ్లూ బెరళ్లూ ఆ దారిని సరిచేస్తాయని మా అనుమానం."

"అనుమానమా? అనుమానంతో నా కొడుకు గొంతులో పోస్తావా?"

"ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది ఆంటీ."

శేషుకుమారి ప్యాకెట్ వాసన చూసి ముక్కు మూసుకుంది. అయినా మర్నాటి నుంచి తనే మరిగించేది. గ్లాసు ఖాళీ కాగానే ఫ్రిజ్ మీద అంటించిన చార్టులో టిక్కు పెట్టేది. ఒక్క రోజూ తప్పలేదు.

రెండో వారానికి గొంతు రోజుకి ఇరవైసార్లకి దిగింది. నాలుగో వారానికి ఆరుసార్లు.

ఆరో వారంలో జయంత్ కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. "నిన్న ఒక్కసారే వినిపించిందండీ. అన్నం తిన్నావా కన్నా అని అడిగింది."

"తిట్టినట్టా?"

"కాదండీ. ముద్దుగా."

నీలిమకి ఒళ్లు గగుర్పొడిచింది. తిట్టే గొంతు లాలించడం ఏ జర్నల్లోనూ చదవలేదు.

జయంత్ గడ్డం తీశాడు. ఉద్యోగాలకి అప్లై చేశాడు. ఇంటర్వ్యూలో గొంతు వణకలేదు. ఎక్కడో ఉత్తర కొసన ఉన్న డార్విన్ నగరంలో ఒక ఆసుపత్రి రికార్డుల విభాగంలో తీసుకున్నారు. శేషుకుమారి అడ్డు చెప్పలేదు సరికదా, అక్కడ వానలెక్కువని వెళ్లి వాడికి గొడుగు కొనుక్కొచ్చింది.

ఎనిమిదో వారం. నీలిమ ఆఖరిసారి వచ్చింది. రక్తపరీక్షల ఫలితాలు ఇంకా రావాలి, కానీ ఆమె ఆగేలా లేదు. సోమవారం సిడ్నీలో కాన్ఫరెన్సు. మొదటి స్లైడే జయంత్ గురించి.

"డార్విన్‌కి ప్యాకెట్లు పోస్టులో పంపిస్తాను."

"వద్దండీ. ఇక్కడే ఉంచేయండి."

"మానేస్తే గొంతు మళ్లీ మొదలవుతుందేమో!"

"మొదలైనా అంత దూరం వినిపించదులెండి."

"అదేం మాట? మాత్రలు కూడా మానేస్తున్నారా?"

"అయ్యో, మాత్రలు మానను. అక్కడి డాక్టర్‌తో మాట్లాడేశాను కూడా. కషాయమే వద్దంటున్నా."

నీలిమకి అర్థం కాలేదు. "సరే, మీ ఇష్టం. ఇన్నాళ్లూ తాగాక ఎలా ఉండేదో రెండు ముక్కలు చెప్పండి. మీ మాటల్లోనే స్లైడ్‌లో పెడతాను."

స్లైడ్ అనేసరికి జయంత్ ముఖం పాలిపోయింది. పాపం, ఈమె ఎనిమిది వారాలు రైలెక్కి వచ్చింది. ఇంకా దాస్తే పరువు పోయేది ఈమెదే.

"నన్నడిగితే ఏం చెప్పనండీ," అంటూ, వంటింట్లో కూనిరాగం తీస్తూ దోసె తిరగేస్తున్న వాళ్లమ్మని చూపించాడు, "కషాయం తాగింది ఆ గొంతే."