సప్పుడు ఇనేటోడు

“ఒక్క సప్పుడు గూడ లేదన్నా. మక్కన్ లెక్క పోతుంది!” కిషన్‌బాగ్ గల్లీ చివరిదాకా వెళ్లొచ్చిన ఎదురింటి శ్రవణ్ సైకిలు దిగుతూ అన్నాడు.

డానియేలు ముఖం వాడిపోయింది. “మంచిగ ఇన్నవా? గట్టిగ తొక్కినప్పుడు కిర్రుమనలే?”

“లేదన్నా. కావాలంటే నువ్వే ఓ రౌండ్ ఎయ్యి.”

“నేను తొక్కితే ఇనేదెవరు? తొక్కేటోడు వేరు, ఇనేటోడు వేరు. ఇంకో రౌండ్ ఎయ్యి, నేను పక్కపొంటి ఉరుకుత.”

డానియేలు బస్సు డిపోలో ఫిట్టరు. చేతిలో పానా ఉంటే ఆకలిదప్పులు గుర్తుండని మనిషి. ఆరేడు నెలలుగా ఆ సైకిలు కడుతున్నాడు. మామూలు సైకిలు కాదు, గుట్టలెక్కే సైకిలు. చైనా నుంచి పేరూ ఊరూ లేని నల్లటి కార్బన్ ఫ్రేము సస్తాలో, తక్కువ ధరకే తెప్పించాడు. ముందు ఫోర్కు ఒకడి దగ్గర, చక్రాలు మరొకడి దగ్గర, హ్యాండిలు ఇంకెక్కడో. ఒకటి వస్తే ఇంకొకటి సరిపోయేది కాదు. పెడళ్ల ఇరుసు వెంట్రుకవాసి లావయింది. బ్రేకు బోల్టులు పొట్టివయ్యాయి. ఇంకొకరైతే విసిగి అటక మీద పడేసేవారు. డానియేలు మాత్రం పార్టు తప్పొచ్చిందంటే ఈల వేసుకుంటూ తిప్పి పంపేవాడు. ఏం ఓపికరా ఇతనిది అని గల్లీ అంతా మెచ్చుకునేది. అతని భార్య షారోన్ ఒక్కతే దానికి ‘బొగ్గు బండి’ అని పేరు పెట్టి, అంతటితో ఊరుకుంది.

అసలు తిప్పలు సైకిలు పూర్తయ్యాకే మొదలయ్యాయి. గల్లీలో సైకిలు దోస్తుల జట్టుకు పెద్ద ప్రేమ్‌రాజ్. చర్చిలోనూ పెద్దే. ఆ సాయంత్రమే వచ్చి, సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“శనివారం అనంతగిరి గుట్ట. అందరికన్న ముందు నువ్వే దిగాలె, డానియేలన్నా. నిన్ను చూసి మేమందరం గిదే ఫ్రేము తెప్పించుకుంటం.”

“సస్తా కార్బన్ భాయ్,” అన్నాడు డానియేలు. “ఇనుమైతే వంగి చెప్తది. ఇది చెప్పకుండ ఇరుగుతది.”

“గందుకే నువ్వు దిగాలె. కట్టినోడే దిగకపోతే ఇంకెవడు నమ్ముతడు? నలుగురిల నవ్వులపాలైతవ్.”

డానియేలు జేబులోంచి రూపాయి బిళ్ల తీసి ఫ్రేము మీద తట్టసాగాడు. లోపల పగులుంటే ‘డబ్’మని మొద్దుగా మోగుతుంది, లేకపోతే ‘టిక్’మంటుంది. చెవి ఆనించి పైనుంచి కిందిదాకా విన్నాడు. అన్నీ టిక్కులే. ప్రేమ్‌రాజ్ భుజం తట్టి వెళ్లిపోయాడు. డానియేలు మళ్లీ మొదటినుంచి తట్టడం మొదలుపెట్టాడు.

శుక్రవారం అతనికి ముద్ద దిగలేదు. ఫోను తెరిస్తే గుట్ట దిగుతూ బొక్కబోర్లా పడేవాళ్ల వీడియోలే. ఒకడి ఫ్రేము చెరుకుగడలా రెండు ముక్కలైంది. ఫోను పక్కన పడేసి మోకరించాడు. “ప్రభువా, ఈ ఒక్క గండం తప్పించు. నా ఇజ్జత్ నీ చేతుల్లో ఉంది.”

పక్కన బట్టలు మడతపెడుతున్న షారోన్ తలెత్తి చూసింది.

శనివారం తెల్లారేసరికి గల్లీలో డీసీఎం వ్యాను వచ్చి నిలబడింది. సైకిళ్లు ఎక్కిస్తున్నారు. డానియేలు కొత్త హెల్మెట్ పెట్టుకుని, బలికి తీసుకెళ్లే మేకలా నడిచాడు. చాయ్ గ్లాసుల పళ్లెంతో షారోన్ బయటికొచ్చింది.

“అన్నా, ఆయన రాడు.”

ప్రేమ్‌రాజ్ గ్లాసు అందుకోబోతూ ఆగాడు. “ఏమైంది వదినా?”

“పొద్దుగాల ప్రార్థనల నాకు మనసొప్పలే. ఆ బొగ్గు బండి మీద మా ఆయన గుట్ట దిగుడు వద్దు.”

చర్చి పెద్ద ఆ మాటకేం ఎదురు చెబుతాడు? గ్లాసు అందుకుని చాయ్ తాగాడు. డానియేలు మాత్రం ఎగిరిపడ్డాడు.

“ఏంది షారోన్, గిందరి ముందర ఇజ్జత్ తీస్తవా? నేను పోయి తీరుత!”

“బొక్కలు ఇరిగితే నేనే మొయ్యాలె.”

“ఇన్ని నెలల కష్టం...”

“వద్దంటే వద్దు.”

“సరే తియ్యి,” అన్నాడు డానియేలు చాలా తొందరగా. హెల్మెట్ తీసి, సైకిళ్లు ఎక్కిస్తున్న శ్రవణ్ తలకు పెట్టి, తనే బెల్టు బిగించాడు. “నాకు బదులు నువ్వు దిగు తమ్మీ. బ్రేకు మెల్లగ పట్టు.”

“పెండ్లాం మాట ఇననోడు ఎవడున్నడన్నా!” అని ప్రేమ్‌రాజ్ నవ్వాడు. అందరూ నవ్వారు. డీసీఎం మలుపు తిరిగాక డానియేలు అరుగు మీద కూలబడి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. చాయ్ ఇంత రుచిగా ఉంటుందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు.

మధ్యాహ్నం శ్రవణ్ ఫోను చేశాడు. “దిగినమన్నా! రాళ్ల మీద ఎగిరినా బండికి గీత వడలే. అందరు నీ పేరే చెప్తున్నరు. ఫ్రేములు నువ్వే తెప్పియ్యాలెనంట!”

డానియేలు కళ్లు చెమర్చాయి. తను బిగించిన ప్రతి బోల్టూ గుట్ట దిగింది. ఇక ఏ ఫికరూ లేదు. రెండు పళ్లేల అన్నం తిని, చాప మీద ఒళ్లు విరుచుకున్నాడు.

షారోన్ గల్లీలోకి అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరికేసి, అతని పక్కన కూర్చుంది. గొంతు తగ్గించింది.

“జల్‌పల్లి దిక్కు ఖాళీ ప్లాట్లు మస్తున్నయ్. తెల్లారంగ ఎవ్వరుండరు. రేపటి సంది బండి తీస్కొని పోదాం.”

“ఎందుకు?”

“నువ్వు సైకిల్ తొక్కుడు నేర్చుకుంటందుకు.”