దేవుడు ఏరిన చీటీ

“దొంగతనం! దేవుడి బల్ల మీదే దొంగతనం!”

మారులక్ మాస్టారి అరుపుకి చర్చి వెనక కట్టేసిన పంది కూడా ఉలిక్కిపడింది. ఆ పంది ఆయనదే. సంఘపెద్దగా తన పేరే వస్తుందన్న నమ్మకంతో విందు కోసం ముందే కొనిపెట్టాడు. సంఘపెద్దలు తొడిగే నల్ల అంగీ కూడా కుట్టించుకున్నాడు. ఇక దేవుడు పేరు ప్రకటించడమే తరువాయి.

దేవుడు వేరే పేరు ప్రకటించాడు.

పాస్టరమ్మ రోసింతా పెట్టెలోంచి తీసిన చీటీ మీద పార్దోమువాన్ సితుమోరాంగ్ అని ఉంది. అతను ఊరి చివర కల్లుపాక నడుపుతాడు. ఆదివారం ఆరాధన ముగియగానే సగం మంది మగాళ్ళు నేరుగా అక్కడికే వెళతారు కాబట్టి, ఒకరకంగా అతనికీ ఓ సంఘం ఉన్నట్టే.

“దొంగతనమే!” అని అంతకన్నా గట్టిగా అరిచాడు పార్దోమువాన్. “నా పేరు రావడానికి వీల్లేదు!”

ఇరవై ఏళ్ళలో ఆ ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి. పాస్టరమ్మ పెట్టె చంకన పెట్టుకుని, పోటీలో ఉన్న నలుగురినీ పక్కగదిలోకి పిలిచి తలుపు వేసింది.

పార్దోమువాన్ గోడవారగా జరిగాడు. సంఘం నలుగురిని ఎంచి చీటీలు వేస్తామన్న రోజు నుంచే అతనికి ముద్ద దిగడం లేదు. కొత్త పెద్ద ప్రమాణం చేసిన మరుక్షణం వేదికెక్కి ఆనాటి వాక్యం చదవాలి. ఆ తర్వాత ప్రతి ఆదివారం, ప్రతి పెళ్ళికీ, ప్రతి చావుకీ అదే పని, అరవై అయిదు నిండేదాకా. పిలుపు వచ్చాక కాదంటే దేవుణ్ణి కాదన్నట్టు. రాకముందే చూసుకుంటే ఏ గొడవా లేదు. అందుకే పొద్దున్న చర్చి ఊడ్చే వంకతో వచ్చి, పెట్టె మూత తీసి, తన చీటీ ఏరి జేబులో వేసుకున్నాడు. ఊరికల్లా పొడుగాటి పేరు తనది. వెతకడం కష్టం కాలేదు.

మరి ఇప్పుడు ఈ పిలుపు ఎక్కడి నుంచి ఊడిపడింది?

“పెట్టె బోర్లించండి!” అన్నాడు మాస్టారు.

పాస్టరమ్మ బోర్లించింది. రెండే చీటీలు పడ్డాయి. ఒకటి పడవ నడిపే గోమ్‌గోమ్‌ది. రెండోది హోత్మాయిదాది. ఆమె మాస్టారి చనిపోయిన తమ్ముడి భార్య.

“నాదేది?” మాస్టారి గొంతు కీచుమంది. “విశ్రాంత ప్రధానోపాధ్యాయులు అని హోదాతో సహా రాయించానే!”

“ఉత్త పేరైతే దేవుడు గుర్తుపట్టడనా మాస్టారూ?” అన్నాడు గోమ్‌గోమ్.

“నోర్ముయ్! ఏరా పార్దో, నువ్వేనా?”

“మీ చీటీ ముట్టుకుంటే నా చేతులు పడిపోవాలి. నాకెందుకండీ ఈ పదవి? కల్లు పోసేవాణ్ణి. నాకు ఏ అర్హతుందని?”

“మోషే కూడా నాకు మాటలు రావన్నాడు తమ్ముడూ,” అంది హోత్మాయిదా నవ్వుతూ. “దేవుడు వినిపించుకున్నాడా?”

పార్దోమువాన్‌కి లెక్క తేలిపోయింది. ఎవరో మాస్టారి చీటీ లాగేసి, దాని బదులు తన పేరు కొత్తగా రాసి పడేశారు. ఎవరు?

మాస్టారు అప్పటికే తేల్చేశాడు. “పెట్టె నిన్నటి నుంచి పొద్దుటిదాకా నీ ఇంట్లోనే ఉంది కదూ హోత్మాయిదా? పొలం గట్టు కక్ష ఇలా తీర్చుకున్నావన్నమాట.”

“మీరు పెద్ద కాకూడదనుకుంటే నాకు పెట్టెతో పనేముంది బావగారూ? మీ గురించి నాలుగు నిజాలు చెబితే సరిపోయేది.”

“విన్నారా పాస్టరమ్మా! ఈమెను ఆరు నెలలు ప్రభువు బల్లకి దూరం పెట్టండి, రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకండి. ఇప్పుడే, అందరి ముందూ ప్రకటించండి. లేదంటే నేనే ప్రకటిస్తా.”

హోత్మాయిదా నవ్వు ఆగిపోయింది. భుజం మీది ఉలోస్ శాలువా అంచు పట్టుకుని నలపసాగింది. “బల్లకి దూరమా? మా ఆయన చనిపోయిన వారం కూడా నేను బల్ల తప్పలేదు,” అంది, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు.

ఆమె పుట్టింటివాళ్ళూ సితుమోరాంగ్‌లే. తన ఇంటిపేరు ఆడపడుచు తన కళ్ళ ముందే దొంగ అవుతోంది. పార్దోమువాన్ ఇక ఉండలేకపోయాడు.

“ఆగండమ్మా. నేనొక తప్పు చేశాను,” అంటూ జేబులో చెయ్యి పెట్టాడు. “నా చీటీ పొద్దున నేనే తీసేశాను. ఇదిగో. మీరు తీసింది ఎవరో తర్వాత వేసిన దొంగ చీటీ. అక్క పెట్టె తెచ్చిచ్చి ఇంటికెళ్ళిపోయాకే నేను తీసింది. కాబట్టి ఆ దొంగ అక్క కాదు. ఈ పిలుపు రద్దు చేసి, అసలు దొంగని పట్టుకోండి.”

“పిలుపునే దొంగిలించావట్రా!” అన్నాడు మాస్టారు. అన్నాడే గానీ ఆయన కళ్ళలో నల్ల అంగీ మళ్ళీ మెరిసింది.

పాస్టరమ్మ చీటీ విప్పి చూసింది. ఆమె భుజం మీదుగా తొంగిచూసిన గోమ్‌గోమ్ ఏదో అనబోయి మానేశాడు.

“ఇది నువ్వే తీశావా?”

“నేనే.”

“చూసుకునే తీశావా?”

“రెండుసార్లు చూసుకున్నాను.”

ఆమె చీటీ తిరిగి అతని చేతికే ఇచ్చింది. “అయితే పైకి చదువు. అందరూ వినాలి.”

పార్దోమువాన్ గుండెల మీంచి బరువు దిగింది. ఇంకాసేపట్లో అంగీ మాస్టారిది, అక్క పరువు అక్కది, కల్లుపాక తనది. చీటీని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, గొంతు సవరించుకుని, వేలితో ఒక్కో అక్షరం తడుముతూ గట్టిగా చదివాడు.

“పార్దోమువాన్ సితుమోరాంగ్.”

చీటీ మీద ఉన్నది మారులక్ మాస్టారి పేరు, హోదాతో సహా.