మొదటి ఆమెన్

"ఇవాళ్టి నుంచి వాక్యం ఎవరికి ముందు దొరికితే వాళ్ళే వేదిక మీదికొచ్చి చదవాలి" అని పాస్టరు బొయాటెంగ్ అనేసరికి సెర్వా చేతిలో బైబిల్ తిరగలి రాయంత బరువెక్కింది.

మాంపోంగ్‌లోని ఆ చిన్న చర్చిలో పాస్టరు వాక్యం ఎక్కడుందో చెప్పగానే అందరూ ఎవరి బైబిల్ వాళ్ళు తిరగేస్తారు. దొరికినవాళ్ళు "ఆమెన్" అంటారు. పదకొండేళ్ళుగా మొదటి ఆమెన్ సెర్వాదే. ఆ పేరుతోనే స్త్రీల సంఘానికి పెద్ద అయింది. ఆ పేరుతోనే సంతలో ఆమె అమ్మే మొక్కజొన్న పిండి కెంకే ఉండలు మిగతావాళ్ళ కంటే ముందే అమ్ముడుపోతాయి. ఇంతకీ కిటుకు ఒక్కటే: ముందు ఆమెన్ అనెయ్యడం, తర్వాత తీరిగ్గా వెతుక్కోవడం. సంగతి దేవుడికి తెలుసు. పాపం, ఆయన ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

ఇవాళ నోరు మెదపకూడదని సెర్వా ఒట్టు పెట్టుకుంది.

పక్కన కూర్చున్న పొకువా బైబిల్ ఉన్న ఫోను బయటికి తీసింది. "నాకు వేలు ఆనిస్తే చాలత్తా. ఇవాళ నీ పని అయిపోయినట్టే."

"నీ వేలు ఆనేలోపు నేను చదివొచ్చి కూర్చుంటాలేవే" అంది సెర్వా. అన్నాక నాలుక కరుచుకుంది.

పాస్టరు ఎవరో చిన్న ప్రవక్త పేరు చెప్పాడు. రెండే పేజీల గ్రంథం, అంటుకుపోయిన కాగితాల మధ్య ఎక్కడో ఉంటుంది. చర్చి అంతా కాగితాల గలగల. పొకువా వేలు లేచింది.

"ఆమెన్."

ఆ గొంతు తనదేనని సెర్వాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. పదకొండేళ్ళ అలవాటు ఒక్క పూట ఒట్టుకు లొంగుతుందా?

ఆడవాళ్ళు సంబరంగా తెల్ల రుమాళ్ళు ఊపారు. పొకువా కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది. సెర్వా బెంచీల మధ్య పెళ్ళికూతురి కంటే నెమ్మదిగా నడిచింది. నడుస్తూనే పేజీలు తిప్పింది. కీర్తనలు వచ్చాయి. ఇంకాస్త తిప్పితే మళ్ళీ కీర్తనలే వచ్చాయి. వేదిక ఎక్కేసరికి వెనక అట్ట చేతికి తగిలింది.

ఇక తప్పేట్టు లేదు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి పాస్టరు చెవిలో గొణిగింది. "అబద్ధమాడాను పాస్టరుగారూ, నాకు దొరకలేదు. మీ బైబిల్లో పేజీ చూపించి పరువు కాపాడండి."

పాస్టరు కూడా గొంతు తగ్గించాడు.

"కొంప ముంచావు గదమ్మా! పొద్దున్నుంచీ వెతికి వెతికి నాకు దొరక్కనే గదా ఈ పద్ధతి పెట్టింది."