మొహమాటం లేని జవాబు

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ మాట్లాడే యంత్రం ఉంది. అది దేన్నీ బాగాలేదనదు. అందుకే మా ఊరి వరహాలమ్మత్త తాను రాసిన కవిత పట్టుకుని నేను పనిచేసే పాత కాగితాల భాండాగారానికి వచ్చింది.

ఇక్కడి యంత్రం వేరు. ‘గట్టుగాలి’ కవితాపత్రిక నడిపి, పుస్తకాలు కూడా వేసిన సోమలింగంగారి కాగితాలు మా దగ్గరున్నాయి. కవులకు ఆయన ఉన్నదున్నట్టు రాసిన జవాబుల నకళ్ళతోనే దానికి మాటలు నేర్పాం.

“మా ఇంట్లోది కూరలో ఉప్పెక్కువైనా అమోఘం అంటదమ్మాయ్. ఇది కవితో కాదో ఎవరో ఒకరు చెప్పాలిగా,” అంది అత్త.

కాగితం యంత్రం ముందు పెట్టాను. అత్త కొంగు నులుముతూ నిలబడింది.

“అమ్మా, మొదటి సగం ఉపన్యాసం, తీసేయండి,” అంది యంత్రం. “వానకు జడిసి కళ్ళంలో మిరపకాయలు ఎత్తుకునే చోట కవిత మొదలైంది. అక్కణ్ణుంచి మళ్ళీ రాసి పంపండి.”

నేను అత్త మొహం చూడలేక తల దించుకున్నాను.

“కవిత మొదలైందన్నాడు మీ సోమలింగం, విన్నావా?” అంది అత్త. కుర్చీ లాక్కుని, నా పెన్ను తీసుకుని, పై సగం అడ్డంగా కొట్టేసింది. ముఖమంతా నవ్వే.

“రేపు ఇంకోటి తెస్తా. దాన్నీ తిట్టమను.”