రెండు చేతుల నీళ్ళు

"మొక్కలు నాటి ఫొటో దిగారు, చేతులు దులుపుకున్నారు. నీళ్ళెవరు పోస్తారు?" గేటు ముందు వాడిపోయిన మొక్కను చూపిస్తూ టీచరమ్మ మునిసిపాలిటీ ట్యాంకర్ డ్రైవర్‌ని నిలదీసింది.

"నేనేనమ్మా. రోజూ మీరు లేవకముందే పోసి పోతున్నా. ఈ వీధివాళ్ళు మమ్మల్ని ఆడిపోసుకోవడమే గానీ చుక్క పోయరుగా."

"ఎవరన్నారు? రోజూ సాయంత్రం రెండు బకెట్లు పోస్తున్నాను, మీరు పోయరనే."

డ్రైవర్ మొక్కను పట్టి లాగాడు. ఇట్టే ఊడి వచ్చింది. వేళ్ళు నల్లగా కుళ్ళి కంపు కొడుతున్నాయి.

"నీళ్ళు లేక కాదమ్మా, ఎక్కువై."

ఆమె వీధి పొడుగునా చూసింది. గేటుకో మొక్క. అన్నిటి ఆకులూ పసుపు రంగుకు తిరుగుతున్నాయి.

"వాళ్ళూ పోస్తున్నారా?" అడిగాడతను.

టీచరమ్మ గొంతు తగ్గింది. "ఇంటింటికీ తిరిగి నేనే చెప్పాను, మిమ్మల్ని నమ్ముకోవద్దని."