ఎవరి తాలూకు?

వీధి మొదట్లోని కాపలా స్తంభం ఎవరొచ్చినా, "ఎవరి తాలూకు?" అని అడుగుతుంది. చెప్పిన పేరూ, యాసా దానికి నచ్చకపోతే ఎర్రదీపం వెలుగుతుంది. కర్రలతో జనం వస్తారు. పాతపేపర్ల మస్తాను కిందటి నెల ఆ వెలుగులోనే దెబ్బలకు పోయాడు.

ఒకరోజు ఉదయం, వెలిగిన ఆ దీపం కింద రహమత్ బీ నిలబడి ఉంది. భార్య పోయాక పరశురామయ్య చొక్కాలకు కాలరు తిప్పి కుట్టిపెట్టేది ఆవిడే. అప్పటికే నలుగురు గుమ్మాలు దిగారు.

పరశురామయ్య చెప్పులైనా తొడుక్కోకుండా వచ్చాడు. "మా తాలూకే."

"వరస?" అంది స్తంభం.

"మా ఆవిడకి అప్ప."

"ఆవిణ్ణి మీ తాలూకని రాస్తే, ఇకమీద మీకూ ఎర్రదీపమే."

"రాసుకో."

దీపం ఆరింది. కర్రలు వెనక్కి తిరిగాయి.

"నాకోసం మీకెందుకు బాబూ ఈ గొడవ?" అంది రహమత్ బీ.

"కాలరు కుదిరిందో లేదో చూడనీ అప్పా," అంటూ ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు.

మర్నాడు పాలు తీసుకుని వస్తుంటే ఆయనకే ఎర్రదీపం వెలిగింది.

వాకిలి ఊడుస్తున్న ఎదురింటి సూరమ్మ తల కూడా ఎత్తకుండానే అంది:

"మా తాలూకే."

"వరస?"

"మా అన్న. నన్నూ రాసీసుకో."