గిటారు తల మీద పేరు

స్టేజీ మెట్లు దిగుతుంటే కాలు జారింది. ఆమెకు మోచెయ్యి గీసుకుపోయింది, బేస్ గిటారుకు మెడ చిట్లింది.

మోచెయ్యి సంగతి ఆమెకు పట్టలేదు. ఆ గిటారు నాన్నది. ఆయన జ్ఞాపకంగా చేస్తున్న పాటల రికార్డింగుకు ఇంకా పదిహేను రోజులుంది. అందులో మోగాల్సింది ఇదే.

బృందంలోని డ్రమ్మర్ ఆమెను సందు చివరున్న రిపేరు దుకాణానికి తీసుకెళ్లాడు.

గోడ నిండా పేరూ ఊరూ లేని గిటార్లు. అన్నీ అక్కడి ముసలాయన సొంతంగా చేసినవే. చూడగానే ఆమె మొహం చిట్లించింది. కంపెనీ పేరు చూడందే తీగ ముట్టని మనిషి మరి. తండ్రి పెంపకం అలాంటిది.

ముసలాయన సంచి జిప్పు తీసి గిటారును చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది ఎవరిదమ్మా?"

"మా నాన్నగారిది. పోయి ఏడాదైంది."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "ఎలా పోయాడు?" అన్నాడు.

ముక్కూ మొహం తెలియని మనిషి నాన్నను పట్టుకుని ఏకవచనంలో మాట్లాడేసరికి ఆమెకు ఒళ్లు మండింది. గుండెపోటు అని ముక్తసరిగా చెప్పింది.

మూడు రోజుల్లో అతికించి ఇస్తానన్నాడాయన. కూలి కూడా వద్దన్నాడు. ఊరికే చేస్తాననడంతో ఆమెకు అనుమానం ఇంకా పెరిగింది. అసలు సరుకు నొక్కేసి నకిలీది బిగిస్తాడేమో అనుకుంది.

"వద్దండీ. ఇది పెద్ద కంపెనీది. మీ చేతికి అలవాటుండదు."

ఆయన చెయ్యి చాపాడు. "పోనీ, ఒక్క నిమిషం పట్టుకుని ఇచ్చేస్తానమ్మా."

ఆమె జిప్పు లాగేసి సంచి భుజాన వేసుకుంది.

పన్నెండో రోజున కంపెనీ వర్క్‌షాపు నుంచి గిటారు తిరిగొచ్చింది. మెడ వేరు, మొండెం వేరు. తోడుగా ఒక ఉత్తరం. ఇది తమ తయారీ కాదనీ, బయటి సరుకు తాము బాగుచేయబోమనీ రాశారు. గిటారు తల మీద ఎవరి పేరో గీకేసి, ఆ చోట తమ కంపెనీ పేరు అతికించి ఉందట.

ఎవడో నాన్నను నిలువునా ముంచాడని ఆమె ఏడ్చింది. రికార్డింగు మూడు రోజుల్లోకి వచ్చింది. ఇక సిగ్గు చంపుకుని గిటారు పట్టుకుని సందు చివరికి పరుగెత్తింది.

దుకాణం మూసి ఉంది.

పక్క కొట్లోని దర్జీ మిషను ఆపి బయటికి వచ్చాడు. ఆమె వచ్చి వెళ్లిన రోజు నుంచే ముసలాయన తిండి మానేశాడనీ, మంచం పట్టాడనీ, మొన్న పోయాడనీ చెప్పాడు.

"ఎంత అడిగినా ఏమీ లేదనేవాడమ్మా. నా అన్నవాళ్లు ఒక్కరూ రాలేదు. మేమే సాగనంపాం."

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆ ఒక్క నిమిషం ఇచ్చి ఉంటే ఏం పోయేదని తనను తాను తిట్టుకుంది.

దర్జీ గిటారును చేతిలోకి తీసుకున్నాడు. మెడ బిగించే గాడిలో పెన్సిలుతో రాసిన అక్షరాలు కనిపించాయి. అది ముసలాయన దస్తూరీయేనంటూ వెలుగుకు పట్టి పైకి చదివాడు.

"తమ్ముడికి, మొదటి కచేరీకి, అన్నయ్య చేసిచ్చినది."